దానమా? బాకీయా?



నవంబరు నెల రాగానే మన విచారణలలో సమాధులకు సున్నం పడుతుంది. రెండవ తేదీ సాయంత్రం కొవ్వొత్తులు, బంతిపూలు, తీర్థజలం చల్లే గురువు వెంట నడిచే జనం. ఆ నెలలో నా గదికి వచ్చేవారు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఫాదర్‌గారూ, మా అమ్మ పేరిట గుడికి ఏమివ్వమంటారు?" ఇన్నేళ్లూ నా జవాబు కూడా ఒకటే, ఫ్యాను. మా గుడిలో పదకొండు ఫ్యాన్ల రెక్కల మీద పేర్లున్నాయి. తిరిగేటప్పుడు ఏ పేరూ కనబడదు. కరెంటు పోయినప్పుడు అన్నీ కనబడతాయి గాని, ఆ ఉక్కలో చదివే ఓపిక ఎవరికి?

కిందటేడు రిటైరైన ఒక మాస్టారు వేరే ప్రశ్నతో వచ్చారు. ఆయన భార్య పట్నం ఆసుపత్రిలో 23 రోజులు మంచాన ఉండి ప్రభువులో నిద్రించారు. సంవత్సరీకానికని ఆయన 60,000 రూపాయలు పక్కన పెట్టుకున్నారు. పిల్లలు నల్లరాతి సమాధి, ఊరందరికీ భోజనాలు అంటున్నారు. ఆయన మనసు మాత్రం నర్సుల మీద ఉంది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఆమెను పక్కకు తిప్పినవారు, తల దువ్వినవారు, మలమూత్రాలు ఎత్తినవారు వాళ్లు. ఆఖరి రోజున ఒక సిస్టరు చేతిలో 500 నోటు పెట్టబోతే, "తీసుకోకూడదు నాన్నగారూ" అని తిరిగి ఆయన జేబులోనే పెట్టిందట.

పెద్దకొడుకు అడ్డం తిరిగాడు. "ఊరికే చేశారా నాన్నా? బిల్లు కట్టాం. వాళ్లకు జీతాలున్నాయి. వాళ్ల పని వాళ్లు చేశారు." మాస్టారు ఆ మాట నా ముందు పెట్టి, "మీరు చెప్పండి, ఇది దానమా, బాకీయా?" అన్నారు.

కొడుకు మాటను తేలిగ్గా తీసెయ్యలేను. పనికి జీతం ఇచ్చాక లెక్క తీరిందనడం లోకన్యాయమే. కాని సెమినరీలో మాకు నేర్పిన ఒక భేదం ఇక్కడ పనికొస్తుంది. పునీత తోమా అక్వినాసు గారు రెండు రకాల బాకీలను విడదీశారు. ఒకటి చట్టం వసూలు చేసేది. రెండవది కృతజ్ఞత వల్ల పుట్టేది, దాన్ని ఏ కోర్టూ వసూలు చేయలేదు. డ్యూటీ గంటలకు, ఇంజెక్షన్లకు, చార్టు రాసినందుకు జీతం ఉంది. తెల్లవారుజామున భయపడుతున్న మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నందుకు బిల్లులో ఏ లైను ఉంది? "మాస్టారూ, మీ శిష్యుడు ఎదురుపడి దండం పెడితే, జీతం తీసుకున్నాను కదా, ఎందుకు అంటారా?" అని అడిగాను. ఆయన నవ్వారు.

అయితే ఈ మాటకు రెండో వైపు ఉంది, అది నర్సులకు ప్రమాదకరమైన వైపు. "మీది ఉద్యోగం కాదమ్మా, సేవ" అంటూ తక్కువ జీతంతో పని చేయించుకోవడం మన దేశంలో కొత్త కాదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. పనివానికి తగిన జీతం న్యాయమే గాని దయ కాదని 1891లోనే 13వ లియో పాపుగారు విశ్వలేఖలో రాశారు. కనుక మన స్మారక కానుక జీతానికి బదులు కాకూడదు. క్రైస్తవ సంస్థలు నడిపే ఆసుపత్రులకు కూడా ఈ మాట చెప్పక తప్పదు. నేనూ ఆ సంసారంలోని వాడినే గనుక చెబుతున్నాను.

మరి ఆ సిస్టరు చేతికే ఇస్తే ఏం? ఆమె నోటు తిరిగి ఇవ్వడంలోనే జవాబుంది. ఒక మంచం దగ్గర డబ్బు చేతులు మారితే, పక్క మంచం మీది పేదవాడు పిలిచినా ఆలస్యం కావచ్చు. ఉపకారానికి మనసులో కృతజ్ఞత వెంటనే ఉండాలి గాని, కానుక తగిన సమయం చూసి ఇవ్వాలని అక్వినాసు గారే అన్నారు.

ఇక, పోయినవారికి దీనివల్ల ఏమిటి? బతికున్నవాళ్ల మంచిచెడ్డలు చనిపోయినవారిని తాకుతాయా అని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో అడిగి, తాకినా అది స్వల్పమే అన్నాడు. మన విశ్వాసం అంతకంటె ధైర్యంగా మాట్లాడుతుంది. యుద్ధంలో కూలిన తన సైనికుల పాపపరిహారం కొరకు యూదా మక్కబీయుడు 2,000 వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. పునీత మోనికమ్మ సంగతి నాకు మరీ ఇష్టం. ఆఫ్రికాలో వాడుక ప్రకారం ఆమె గంజి, రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని మిలానులో వేదసాక్షుల సమాధుల వద్దకు వెళితే ద్వారపాలకుడు ఆపాడు. పీఠాధిపతి అంబ్రోసు గారు అది మాన్పించారట. ఆమె అలగలేదు. అప్పటినుంచి గంపకు బదులు ప్రార్థన తీసుకెళ్లింది, చేతనైనది పేదలకిచ్చింది. ఇదంతా కొడుకు అగుస్తీను గారు తన ఆత్మకథలో రాశారు. చనిపోయినవారి వద్దకు వెళ్లే గంప పేదవారి వైపు మళ్లింది. నల్లరాయిని కూడా అలా మళ్లించవచ్చు కదా అని మాస్టారితో అన్నాను.

వేలూరు వెళ్లని కుటుంబం మనలో తక్కువ. ముఖ్యంగా చిత్తూరు, నెల్లూరు వైపు వారు. అక్కడ డాక్టర్ ఐడా స్కడర్ గారు 1902లో తెరిచిన 40 పడకల ఆసుపత్రి ఒక స్మారక కానుకే. న్యూయార్కులోని షెల్ అనే బ్యాంకరు తన భార్య మేరీ టేబర్ షెల్ పేరిట 10,000 డాలర్లు ఇచ్చాడు. 1909లో అక్కడ నర్సుల శిక్షణ మొదలైంది. 1946లో అది డిగ్రీ కోర్సు దాకా పెరిగింది. ఆ మేరీ ఎలాంటి మనిషో, ఏ జబ్బుతో పోయిందో వేలూరులో మందు పుచ్చుకున్న మనవాళ్లలో ఎందరికి తెలుసు? అయినా ఆ డబ్బు ఇంకా పని చేస్తూనే ఉంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా అమ్మ చివరి రాత్రి నేను వరండాలో బల్ల మీద నిద్రపోయాను. ఆమె పెదవులు తడిపింది ఒక నర్సు. తెల్లవారి డ్యూటీ మారింది, నేను ఆమె పేరు అడగలేదు. తరువాత అమ్మ పేరిట ఒక ఫ్యాను ఇచ్చాను. పదకొండులో ఒకటి అదే.

మాస్టారి 60,000 చివరకు మూడు భాగాలైంది. కొడుకును కూడా కూర్చోబెట్టే మాట్లాడాం. సమాధికి సిమెంటు, సున్నం. సంవత్సరీకం పూజ రోజున భోజనాలు బంధువులకే. పెద్ద భాగం మన విచారణలో జి.ఎన్.ఎం. మూడేళ్ల కోర్సు చదువుతున్న ఒక కూలివాళ్ల పిల్ల హాస్టలు ఫీజుకు, యూనిఫారాలకు, పుస్తకాలకు. పరీక్ష ఫీజు మాత్రం తాను కడతానన్నాడు కొడుకు. నేను అడగలేదు.

తేలనిది ఒక్కటే. డబ్బు ఎవరిదో ఆ పిల్లకు చెప్పవద్దంటారు మాస్టారు, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని. ఫ్యాను మీద రాయడం వేరు, చెవిలో చెప్పడం వేరు అంటాను నేను. పేరు తెలియకపోతే ఆ పిల్ల రేపు పూజలో ఎవరి ఆత్మకొరకు వేడుకుంటుంది? మాస్టారు ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.