ఎక్కడికి అని అడగని రోడ్డు

వీడియో గేముల గోల మనకెందుకని విసుక్కుని పేజీ తిప్పేయకండి. ఇందులో మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. కాస్త చుట్టు తిరిగి అక్కడికే వస్తాను.

చిన్నప్పుడు మనం ఆడిన ఆటలు ఒకసారి జ్ఞాపకం తెచ్చుకోండి. అష్టాచెమ్మా ఉండేది. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గవ్వలు గుప్పిట్లో గలగలలాడిస్తూ, ఎవరి కాయలు ముందు పండుతాయా అని ఊపిరి బిగబట్టుకుని కూచునేవాళ్ళం. కాయ ఎటు నడవాలో గీతే చెబుతుంది. గీత దాటితే తొండి, తొండి చేస్తే జట్టు కటీఫ్. మరో పక్క గుజ్జనగూళ్ళు ఉండేవి. నాలుగు లక్కపిడతలు, కాసిన్ని అటుకులు, చిటికెడు బెల్లం, వేపచెట్టు నీడ. అందులో గెలిచేదెవరు, ఓడేదెవరు? అన్నం ఉడికిందంటే ఉడికినట్టు, పెళ్ళివారొచ్చారంటే వచ్చినట్టు. లోపల్నించి అమ్మ కేకేస్తే ఆట అయిపోయినట్టు!

ఈ కాలం పిల్లల కారు ఆటలు కూడా సరిగ్గా ఈ రెండు రకాలేనట. ఒకటి సర్క్యూట్ రేసు. గుండ్రంగానో వంకరటింకరగానో కట్టిన ఒకే దారిలో పదిసార్లో ఇరవైసార్లో చుట్టు తిరిగి ముందు చేరినవాడు గెలిచినట్టు. రెండోది ఓపెన్ వరల్డ్ అంటారు. ఒక ఊరో ఒక దేశమో మొత్తం తెరమీద పరిచి, తాళాలు చేతికిచ్చి, నీ ఇష్టం వచ్చిన చోటికి పొమ్మంటారు.

మా ఇల్లు తార్నాకలో, యూనివర్సిటీకి పిలుపు దూరంలో ఉంది. మా తమ్ముడి కొడుకు మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. మా అమ్మాయి ఎమ్మే. ఆదివారం వచ్చిందంటే ఇద్దరికీ ఒక్క టీవీ, రెండు మతాలు.

"గెలవడం లేదు, ఓడడం లేదు, అదేం ఆటే నీ మొహం? నువ్వే చెప్పత్తా!" అంటాడు వాడు.

"నువ్వు గానుగెద్దులా అదే చుట్టు తిరిగితే ఆటానా బావా?" అంటుంది ఇది.

తీర్పు చెప్పమని ఇద్దరూ నావైపు చూస్తారు. నవలలు రాసేదాన్ని కనుక తీర్పులు ఇచ్చే అధికారం ఉందని వాళ్ళ నమ్మకం కాబోలు.

తీర్పు చెప్పాలంటే కేసు పూర్వాపరాలు తెలియాలి కదా! అడిగి తెలుసుకున్నాను. సర్క్యూటే పెద్దక్క. 1982లో జపానులో నామ్కో కంపెనీవాళ్ళు పోల్ పొజిషన్ అనే ఆట తెచ్చారు. అందులోది ఫుజీ అనే నిజమైన రేసు దారి. 1986లో సెగా కంపెనీ అవుట్ రన్ తీసుకొచ్చింది. అందులో దారి మధ్యమధ్య రెండుగా చీలుతుంది. ఎటు తిప్పుకుంటే అటు, చివరికి అయిదు గమ్యాల్లో ఏదో ఒకటి. ఇది పందెం ఆట కాదు, బండి నడిపే ఆట అని దాన్ని తయారుచేసిన యు సుజుకి అంటూండేవాడట. ఎర్ర కారు, పక్క సీట్లో గాలికి జుట్టు ఎగురుతూ ఒక అమ్మాయి. నడిపేది మాత్రం అతనే. ఆ సంగతి నేను కళ్ళారా చూసి మరీ చెబుతున్నాను.

1999లో మైక్రోసాఫ్ట్ వారి మిడ్‌టౌన్ మ్యాడ్నెస్ వచ్చింది. అమెరికాలోని షికాగో నగరం అంతా అందులో ఉంది. 2006లో టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్ అనే దాంట్లో హవాయి దీవుల్లోని ఓహూ దీవిని సుమారు వెయ్యి మైళ్ళ రోడ్లతో సహా దింపేశారు. మా అమ్మాయి ఆడేది ఫోర్జా హొరైజన్. అందులో 2021లో వచ్చిన భాగం మెక్సికో దేశం. ఎడారి, అడవి, అగ్నిపర్వతం, పాతకాలపు గుళ్ళు, అన్నీ ఉన్నాయి. మా వాడిది గ్రాన్ టురిస్మో. 1997లో కజునోరి యమౌచి అనే ఆయన మొదలుపెట్టిన ఆట. సర్క్యూట్ భక్తులకి అదే కాశీ, అదే రామేశ్వరం.

మొదట నా మనసు మా అమ్మాయి వైపే మొగ్గింది. చెప్పొద్దూ, తిరిగిన చోటే తిరగడం అనగానే నాకు వంటిల్లు గుర్తొస్తుంది. కానీ ఒకరోజు వాడి పక్కన తీరిగ్గా కూచుని చూశాను. ఒకే మలుపు. దాన్ని ముప్ఫై సార్లు తిరిగాడు. మలుపు ఇంకా రాకముందే రోడ్డు బయటి అంచుకి పోవాలట, మధ్యలో లోపలి అంచుని రాసుకుంటూ వెళ్ళాలట, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ బయటి అంచుకి. అలా పోతే వంపు తగ్గి వేగం నిలుస్తుంది. బ్రేకు ఎక్కడ నొక్కాలో రోడ్డు పక్క బోర్డు చూసి గుర్తు పెట్టుకున్నాడు. కాస్త ముందు నొక్కితే సమయం పోతుంది, కాస్త ఆలస్యమైతే ఇసుకలో పడతాడు. ముప్ఫై ఒకటోసారి బండి నూనె రాసినట్టు జారిపోయింది. వాడి మొహంలో ఆ వెలుగు చూస్తే, ఇరవయ్యొక్క చుక్కల మెలికల ముగ్గు ఎక్కడా తెగకుండా మొదటి చుక్క దగ్గరికి చేరినప్పుడు మన మొహంలో వెలిగేదే అది! చుక్కలు లేకపోతే ఆ ముగ్గు లేదు. చుక్కలు మనని కట్టేశాయని ఎవరూ ఏడవరు కదా.

పైగా అది ఒట్టి తెరమీద విద్య కూడా కాదు. జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడు ఈ గ్రాన్ టురిస్మో ఆడీ ఆడీ 2011లో పోటీ నెగ్గి, నిజం కారెక్కి, 2013లో ఫ్రాన్సులో ల మాన్ 24 గంటల రేసులో పాల్గొన్నాడు. అతని మీద 2023లో సినిమా కూడా వచ్చింది. ఆ సినిమా చూసొచ్చినప్పటినుంచీ మా తమ్ముడు కొడుకుని చూసి భయపడుతున్నాడనుకోండి, అది వేరే సంగతి.

కెనడాలో ప్రొఫెసరుగా పనిచేసిన బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఆటల మీదే ఒక పుస్తకం రాశారు. ఆయన వాదన స్థూలంగా ఇదీ: బంతిని గుంటలో వేయడమే కావలసిందైతే నడిచి వెళ్ళి చేత్తో వేయవచ్చు. అలా చేయం. పొడుగాటి కర్రతో, దూరాన్నించి, గాలికి ఎదురొడ్డి కొడతాం. అక్కర్లేని కష్టాన్ని మనంతట మనమే, ఇష్టపడి నెత్తినెత్తుకోవడమే ఆట. అష్టాచెమ్మాకి ఈ మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మరి గుజ్జనగూళ్ళ మాటేమిటి? అక్కడ ఆయన లెక్క నాకంత నచ్చలేదు. ఆయన లక్కపిడతలతో ఆడుకుని ఉండరు, పాపం.

ఇక మా అమ్మాయి స్వేచ్ఛ సంగతి చూద్దాం. మెక్సికో అంతా నాదే అంటూ మొదటి వారం హాయిగా తిరిగింది. రెండో వారం చూద్దును కదా, పటం నిండా బొట్లు! ఇక్కడో బోర్డు పగలగొట్టాలి, అక్కడో పాత కారు వెతకాలి, తిరగని రోడ్డు ఇంకా ఎంతుందో పక్కనే లెక్క. తిరగడానికి వెళ్ళిన పిల్ల పద్దుపుస్తకం పట్టుకుని కూచుంది. "ఊరికే తిరగవేమే?" అన్నాను. "మిగిలిపోయాయమ్మా, చూస్తుంటే మనసాగట్లేదు" అంది. గీత గీసేవాడు లేకపోతే మనమే గీసుకుంటామేమో!

ఇంకో విశేషం. ఆ షికాగో ఆటలో మీరు కారుని ఫుట్‌పాత్ మీదికి ఎక్కించినా సరే, మనుషులు చటుక్కున పక్కకి గెంతేస్తారు. ఒక్కరికీ దెబ్బ తగలదు, అలా తయారుచేశారు. ఎంత దయగల ఊరు! తార్నాక చౌరస్తాలో సాయంకాలం ఆరింటికి ఇటునుంచి అటు దాటి చూడండి, తెలుస్తుంది. ఇక్కడ ఒకరి ఇష్టం ఇంకొకరి కాలో చెయ్యో. అందుకేగా మధ్యలో కొన్నేళ్ళు ఆ చౌరస్తాని మూసేసి, ఎదురుగా కనిపించే వీధికి పోవాలన్నా అంత దూరం వెళ్ళి యూ టర్ను కొట్టుకు రమ్మన్నారు. ఊరి పేరులోనే నాకా ఉంది. తీగె కట్టిన కాపలా చోటు కాబట్టి తార్ నాకా అయిందని పెద్దలు చెబుతారు.

నిజం సర్క్యూటు కూడా మన ఊరికి వచ్చింది కదా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ కార్ల రేసు జరిగింది. మన దేశంలో ఆ రేసు అదే మొదటిసారి. అన్నీ బ్యాటరీ కార్లు. సెక్రటేరియట్ ముందునుంచి, నెక్లెస్ రోడ్డు మీదుగా 2.8 కిలోమీటర్ల చుట్టు, పద్ధెనిమిది మలుపులు. ఫ్రాన్సుకి చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మర్నాటి ఏడు మళ్ళీ జరగాల్సింది, రద్దయింది. దాని చుట్టూ ముసిరిన రాజకీయాలు ఈ పేజీకి అక్కర్లేదు. నన్ను ఆకట్టుకుందల్లా ఆ కంచె. రోజూ మనం మిరపకాయ బజ్జీల కోసం ఆగే రోడ్డుకి రెండు వైపులా కాంక్రీటు గోడలు, వాటి పైన వలలు. కంచె లోపల కార్లు రివ్వున పోతుంటే, కంచె బయట ఊరంతా ఉన్నచోట నిలబడిపోయింది. వేగంగా పోవాలంటే దారి నుంచి మనుషుల్ని తీసేయాలి. మనుషులు తిరిగే దారైతే మెల్లిగానే పోవాలి. రెండూ ఒకచోట దొరికేది ఆ తెరమీదే.

సరే, మన సంగతికి వస్తాను.

పొద్దున్నే పాలు, కాఫీ, టిఫిను, డబ్బాలు, బట్టలు, మళ్ళీ సాయంత్రం, మళ్ళీ పొద్దున్న. మన చుట్టు మాత్రం ఏం తక్కువ? మలుపులు మనకీ కంఠోపాఠమే. ఏ క్షణాన పాలు పొంగుతాయో చూడకుండా చెప్పగలం. కానీ మా వాడి సర్క్యూటుకీ దీనికీ ఒక తేడా ఉంది. వాడిది ఇరవయ్యో చుట్టులో గళ్ళ జెండా ఊపుతారు, అయిపోతుంది. వాడు కావాలని మొదలుపెట్టాడు, వద్దనుకుంటే మీట నొక్కి లేస్తాడు. సూట్స్ గారి మాటలో ఆ ఇష్టపడి అన్నదే అసలు ప్రాణం. ఇష్టపడి తిరిగితే అదే దారి ఆట. అడక్కుండా అప్పజెప్పితే అదే దారి గానుగ. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు.

ఓపెన్ వరల్డ్ సంగతి ఇంకా విచిత్రం. మా అమ్మాయి తెరమీద అర్ధరాత్రి మెక్సికో ఎడారిలో ఒంటరిగా కారు తోలుతుంది. ఎవరూ ఏమీ అడగరు. అదే పిల్ల రాత్రి ఎనిమిదింటికి చెప్పులు వేసుకుంటే "ఎక్కడికే?" అని ముగ్గురం ఒకేసారి అంటాం. మావారూ, మా అత్తగారూ, నేనూ. తమ్ముడి కొడుకు చెప్పులు వేసుకుంటే "వచ్చేటప్పుడు కొత్తిమీర తేరా" అంటాం! ఈ విషయం అది ఎత్తి చూపించినప్పుడు నా దగ్గర చెప్పడానికి జవాబు ఉంది. ఊరు బాగాలేదు, పత్రికలు చూస్తున్నావుగా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ జవాబు మా అమ్మమ్మ కాలంలోనూ ఇదే మాటల్లో ఉండేది. ఏ కాలంలోనైనా ఊరు బాగుందని ఆడపిల్లకి ఎవరైనా చెప్పారా?

మనం బయటికి పోమని కాదు. పోతాం. కూరలకి, గుడికి, బ్యాంకుకి, పిల్లవాడి ఫీజుకి. ప్రతి ప్రయాణానికీ చేతిలో ఒక సంచీ ఉంటుంది, చూశారా? ఆ సంచీ మన పాసుపోర్టు. బొంబాయిలో ముగ్గురు స్త్రీలు ఆ నగరంలో ఆడవాళ్ళ తిరుగుళ్ళ మీద పరిశోధన చేసి 2011లో వై లాయిటర్ అని ఒక పుస్తకం వేశారు. పనేం లేకుండా ఊరికే వీధిలో నిలబడే హక్కు ఆడవాళ్ళకి కావాలని వాళ్ళు అడిగారు. చదువుతూ ముందు నవ్వుకున్నాను. తరవాత, పని లేకుండా నేను ఎప్పుడు బయట నిలబడ్డానా అని లెక్క వేసుకుంటే వేళ్ళు మిగిలిపోయాయి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. పిల్లలు దూరదేశాల్లో. ఏభై రెండో ఏట కారు నేర్చుకున్నారు. తెల్లవారి యూనివర్సిటీ రోడ్లలోనే సాధన చేశారు. మొదట్లో ఆమె చేసింది అచ్చంగా సర్క్యూటే. ఆర్ట్స్ కాలేజి ముందునుంచి బయల్దేరి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆర్ట్స్ కాలేజి. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ముందు ఆమె కారు ఎన్నిసార్లు ఆగిపోయి మళ్ళీ కదిలిందో ఆ మెట్లకే తెలియాలి. క్లచ్చు వదిలే పాళం కాలికి అబ్బేదాకా అదే చుట్టు, అదే మలుపు. మా వాడు ఇది విని "చూశావా అత్తా!" అన్నాడు. నిజమే. ఆ చుట్లు తిరగకపోతే తరవాతిది లేదు.

తరవాతిది ఏమిటంటే, ఇప్పుడావిడ వారానికి రెండు రోజులు పొద్దున్న ఆరింటికి కారు తీసుకుని వెళతారు. ఒక్కరే. ఏ పనీ లేదు. ఒకరోజు హబ్సిగూడ వైపు, ఒకరోజు విద్యానగర్ వైపు. ఎక్కడైనా చెట్టు కింద ఆపి, దిగి, కాసేపు నిలబడి వస్తారు.

ఇది చెబితే మా అమ్మాయి కొంచెం సేపు మాట్లాడలేదు. "మా ఆటలో కారు దిగడం లేదమ్మా" అంది. అవునట. అంత దేశం ఇచ్చారు, అన్ని రోడ్లు ఇచ్చారు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. తలుపు తీసుకుని దిగి, ఆ అగ్నిపర్వతం పక్కన రెండడుగులు వేద్దామంటే మాత్రం కుదరదు.

ఆ పెద్దావిడ భర్తగారికి ఈ ప్రయాణాలు ఇంకా అంతుపట్టలేదు. మొన్న మా గుమ్మంలో నిలబడి మావారితో వాపోతున్నారు. "పెట్రోలు దండగని కాదండీ. ఎక్కడికి వెళ్ళావంటే ఎక్కడికీ లేదంటుంది. పోనీ ఎందుకు వెళ్ళావంటే, బాగుందండీ అంటుంది. అది జవాబా చెప్పండి!" మావారు ఏమీ చెప్పలేక నావైపు చూశారు. లోపలనుంచి మా అమ్మాయి కేక వినిపించింది, "అంకుల్, ఆంటీని ఈసారి నన్ను కూడా తీసుకెళ్ళమనండి!" అని.