అది బద్ధకమేనా?

మనసుంటే మార్గం ఉండకపోతుందా అంటూంటాం. పొద్దున్నే లేవలేనివాణ్ణీ, చెప్పిన పని సగంలో వదిలేసేవాణ్ణీ ఈ ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. మరి జబ్బు చేసింది ఆ మనసుకే అయితే?

మా పొందూరులో నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. రాట్నం మీద నూలు వడికి ఇల్లు నెట్టుకొస్తోంది. పాతికేళ్ళ కొడుక్కి స్కిజోఫ్రీనియా అని విశాఖలో డాక్టర్లు చెప్పారు. మందులు వాడాక, చెవిలో వినిపించే గొంతులు చాలామటుకు తగ్గాయి. "అయినా ఆడు తానానికి లెగడమ్మా. తువ్వాలు సేతికిచ్చి ఎల్తే, నానొచ్చేసరికి ఆ తువ్వాలట్టుకునే కూకుంటాడు. రోగం తగ్గింది గానీ ఒళ్ళు ఒంగట్నేదు" అంది ఓ రోజు. చుట్టుపక్కలవాళ్ళ తీర్పూ అదే. బద్ధకం!

ఆ తీర్పు న్యాయమేనా?

ఈ జబ్బంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండటమని సినిమాల పుణ్యమా అని చాలామంది అనుకుంటారు. అది కాదు. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ ఈ పేరు పెట్టినప్పుడు ఆయన చెప్పింది, ఆలోచనకీ ఉద్వేగానికీ నడతకీ మధ్య ఉండే పొందిక సడలిపోతుందని.

స్నానం మనకి ఒకే పని. మెదడుకి కాదు. లేవాలి, తువ్వాలు తీసుకోవాలి, నీళ్ళు తోడుకోవాలి. మధ్యలో ఎవరు పిలిచినా, ఏ ఆలోచన అడ్డొచ్చినా, ఏం చేయబోతున్నామో జారిపోకుండా పట్టుకోవాలి. ఈ పట్టు నిలపడంలో నుదుటి వెనకనున్న మెదడు భాగానిది పెద్ద పాత్ర. ఇలాంటి పనులు అప్పజెప్పి స్కానింగులో చూస్తే, ఈ జబ్బున్న చాలామందిలో ఆ భాగం తక్కినవాళ్ళలో పనిచేసినట్టు పనిచేయడంలేదని తేలింది. ఏదైనా చేయాలన్న ఉత్సాహమూ సన్నగిల్లుతుంది. గొంతుల్ని అణిచే మందులు ఈ లోటుని అంతగా పూడ్చవు. కొన్ని మందుల మగత అందుకు తోడు.

అంచేత నిగ్రహమన్నది అచ్చంగా గుణం ఒక్కటే కాదు. మనం వేళకి లేచి కాఫీ కలుపుతున్నామంటే అందులో మన గొప్పెంత, సవ్యంగా నడిచే మెదడు చలవెంత? చత్వారం వచ్చినవాళ్ళని సూదిలో దారం ఎక్కించలేదని తిడతామా?

అలాగని, 'పాపం, వాడి చేతిలో ఏముంది!' అని అన్నీ మనమే చేసిపెడితే? అదీ అన్యాయమే. ఏ కూర తింటావని అడగం. ఏ చొక్కా వేసుకుంటావని అడగం. ఎదురుగా మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోతాం. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కకట్టకూడదని మన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చట్టానికున్నపాటి మర్యాద ఇంట్లో మనకి ఉండొద్దూ?

పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, రోజూ ఒకే వేళకి అలవాటు చేయమంటారు డాక్టర్లు. ఇది మా ఊరి ఆడవాళ్ళకి కొత్త విద్యేం కాదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి ఏకులు చుట్టి వడకడం దాకా ఎన్ని మెట్లో వాళ్ళకి తెలుసు. దారం తెగితే రాట్నాన్ని తిట్టరు. ఆపి, కొస కలిపి, మళ్ళీ తిప్పుతారు. ఆ తల్లీ ఇప్పుడు "లెగు నాయినా" అని ఆగుతుంది. లేచాక "నీళ్ళు తోడుకో" అంటుంది. తోడుకున్నాక తను తప్పుకుంటుంది. కొన్ని రోజులు కుదురుతుంది, కొన్ని రోజులు కుదరదు.

చేయలేనిదేదో, చేయనిదేదో బయటనుంచి చూసేవాళ్ళకి తేలదు. తేలనప్పుడు తీర్పు మానుకోవడమే మేలు.

ఇంకొక్క మాట. ఇంత ఓపికనీ ఒక్క ఆడదాని నెత్తిన పెట్టేసి, దూరంగా నిలబడి ఆవిడ సహనాన్ని మెచ్చుకుంటూ కూర్చుంటాం చూడండీ, బద్ధకమంటే బహుశా అదే.