బడికి పోయిన ప్రహ్లాదుడు



మారిషస్ దీవిలో తెలుగువారు నివసించు ఊళ్ళలో సింహాద్రి అప్పన్న పేరు వినని ఇల్లు అరుదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము సీమలనుండియు, గోదావరి తీరమునుండియు చెరకుతోటల కూలికై ఓడలెక్కి వచ్చిన పెద్దలు తమవెంట తెచ్చుకొన్న సొత్తు స్వల్పము. కోరంగి రేవు పేరునుబట్టి వారిని ఇచ్చట ‘కొరింగీలు’ అని పిలిచిరి. పోర్ట్ లూయిస్ రేవున, నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలువబడుచున్నచోట, ఆ మెట్లెక్కునప్పుడు వారి చేతిలో ఒక మూట, నోటిలో రామనామము, మనస్సులో అప్పన్న. ఇంతియే వారి సంపద. ఆ మూటలు ఎప్పుడో చినిగిపోయినవి. అప్పన్న మాత్రము నిలిచియున్నాడు.

ఆ అప్పన్న ఎవరు? వరాహ నరసింహమూర్తి. సంవత్సరమంతయు చందనము కప్పుకొనియుండి, అక్షయతృతీయ ఒక్కనాడు నిజరూప దర్శనమిచ్చు స్వామి. ఆయన ఎవనికొఱకు వచ్చెను? ప్రహ్లాదుని కొండపైనుండి త్రోయించినప్పుడు స్వామి అడ్డుపడి కాపాడెననియు, పిమ్మట ప్రహ్లాదుడే అచ్చట మొదటి ఆలయమును నిర్మించెననియు సింహాచల స్థలపురాణము చెప్పుచున్నది. ప్రహ్లాదుడు ఋషి కాడు, రాజు కాడు, తపస్సు చేసి తల నెరిసినవాడును కాడు. అతడు బడికి పోవు పసివాడు. కావున అప్పన్నను కొలుచువారు మొదట గ్రహింపవలసిన విషయ మొకటి గలదు. వారి ఇలవేలుపు ఒక బడిపిల్లవాని కష్టము చూడలేక కదలివచ్చిన దైవము.

బడిలో జరిగిన కథ

ప్రహ్లాద చరిత్రమును బాలభక్తుని మహిమగా చెప్పుకొనుట అందఱకును అలవాటు. దానినే ఒక పాఠశాల కథగా చదివినచో తల్లిదండ్రులకు, గురువులకు, సంఘపెద్దలకు వేఱొక పాఠము కనబడును.

కథ గర్భమునందే మొదలైనది. గర్భవతియైన లీలావతిని ఇంద్రుడు చెఱపట్టి తీసికొనిపోవుచుండగా నారదుడు అడ్డగించి, ఆమెను తన ఆశ్రమమునకు కొనిపోయి, భయములేని చోట ఉంచి, మంచిమాటలు చెప్పెను. బిడ్డకు చదువు మొదలుకాకముందే తల్లికి శాంతి కావలెనని ఆ ఋషి యెఱుగును. కుమారునికి ఏ గుణమున్నదో దానికి విత్తనము అచ్చట పడినది.

తరువాత తండ్రి హిరణ్యకశిపుడు కుమారుని శుక్రాచార్యుని పుత్రులైన చండామార్కుల బడికి పంపెను. కొంతకాలమునకు బాలుని పిలిపించి, తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో మంచిది చెప్పుమనెను. బాలుడు తన మనస్సులో ఉన్నది చెప్పెను. తండ్రికి అది నచ్చలేదు. ఎవరో చెడగొట్టిరని తలచి, కట్టుదిట్టము చేయించి మరల బడికి పంపెను. రెండవసారి తల్లి స్నానము చేయించి అలంకరించిన బాలుని గురువు రాజు నెదుటికి తెచ్చెను. మరల అదే ప్రశ్న, మరల అదే సమాధానము. ఈసారి తండ్రి తొడపైనున్న బిడ్డను నేలపైకి త్రోసివేసెను.

తండ్రి తొడ బిడ్డకు సింహాసనమువంటిది. ‘ఏమి నేర్చితివి?’ అని అడిగిన తండ్రి నిజముగా బిడ్డ మాట వినదలచి అడుగలేదు. తన గొప్పతనము బిడ్డ నోట వినదలచి అడిగెను. అది వినబడకపోవుటతో తొడ కాస్తా కఠినశిలయైనది. హిరణ్యకశిపుని మొదటి అపరాధము ఏనుగుల చేత త్రొక్కించుట గాని, విషము పెట్టించుట గాని కాదు. అవి తరువాత వచ్చినవి. ప్రేమకు షరతు పెట్టుటయే మొదటి అపరాధము.

గురువుల సంగతి చూడుడు. రాజు కోపించి వారిపై మండిపడగా వారు భయపడి, ఈ బుద్ధి తాము నేర్పినది కాదనియు, బాలునికి పుట్టుకతో వచ్చినదనియు చెప్పుకొని తప్పించుకొనిరి. వారు చెప్పినది అబద్ధము కాదు. అయినను బిడ్డ కన్నులయెదుట శిక్షకు గుఱియగుచుండగా గురువు తన నిర్దోషిత్వము చెప్పుకొనుట గురుధర్మము కాదు. అన్ని హింసలను దాటి వచ్చిన బాలుని మరల అదే బడికి పంపిరి. ‘నాయనా, భయపడితివా? ఎచ్చట నొప్పి పుట్టినది?’ అని అడిగినవారు ఆ రాజ్యములో లేకపోయిరి. మనుష్యులు అడుగని ప్రశ్నను అడుగుటకే స్తంభమునుండి స్వామి రావలసివచ్చినది.

దీవిలో బడి ఎట్లు వచ్చినది

ఈ దేశమునకు 1834 మొదలుకొని సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా వచ్చిరి. ఆ కాలమున కూలివాని బిడ్డకు పలక కంటె ముందు పని చేతికి వచ్చెడిది. 1901లో గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు పోవుచు దారిలో ఇచ్చట సుమారు మూడు వారములు ఆగెను. ఆయన ఇచ్చటి భారతీయులకు ముఖ్యముగా చెప్పిన మాటలలో ఒకటి పిల్లలను చదివించుకొనుడని. ఆయన ప్రోద్బలముతో 1907లో మణిలాల్ డాక్టరు ఈ దీవికి వచ్చి కూలీల పక్షమున నిలిచెను.

పగలంతయు చెరకు నఱికి, రాత్రి సావడిలో దీపము వెలిగించి పిల్లలచేత ‘అ ఆ’లు దిద్దించిన పెద్దల పేర్లు ఏ పుస్తకములోను లేవు. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడినది. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమైనది. 1977నుండి మాధ్యమిక విద్యయు ఉచితమైనది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో తెలుగు ఒక పాఠ్యభాషయైనది. కూలిమూట మోసిన భుజముల మనుమలు పుస్తకముల సంచి మోయగలిగిరి. ఇది అప్పన్న అనుగ్రహము, పెద్దల చెమట.

ఆ పెద్దలు బడిని ఏల కోరిరి? బిడ్డ తమవలె వంగి బ్రతుకరాదని కోరిరి. కొరడాకు, కంగాణీ కేకకు బెదరని బాల్యము బిడ్డకు దొరకవలెనని కోరిరి. ఈ కోరికను గుర్తుంచుకొన్నచో నేటి కర్తవ్యము తేటపడును.

మార్కుల రాజ్యము

చాల సంవత్సరములపాటు ఈ దేశమున పదునొకండేండ్ల పసివాని భవిష్యత్తును సి.పి.ఇ. అను ఒక్క పరీక్ష తేల్చెడిది. పేరున్న మాధ్యమిక పాఠశాలలో చోటు సంపాదించుటకై పిల్లలు బడి ముగియగానే ట్యూషనుకు పరుగెత్తిరి. ఆ పరీక్ష 2017లో తొలగి, తొమ్మిది సంవత్సరముల నిరంతర విద్యావిధానమును, పి.ఎస్.ఎ.సి. యను మదింపును వచ్చినవి. విధానము మాఱినది. ఇంటిలోని ప్రశ్న మాఱినదా యని ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

బిడ్డ గుమ్మములో కాలు పెట్టగానే ‘ఎన్ని వచ్చినవి?’ అను మాట ఎదురగుచున్నచో, ఆ ఇంటిలో హిరణ్యకశిపుని తొడ ఇంకను ఉన్నట్లే. ‘పిన్ని కొడుకునకు నీకంటె ఎక్కువ వచ్చినవి’ అని పదిమందిలో చెప్పుచున్నచో, బిడ్డ తొడనుండి జాఱి నేలపై పడినట్లే. దెబ్బ ఒంటిపై కనబడకపోవచ్చును. రాత్రి నిద్రపట్టకపోవుట, ఉదయము కడుపునొప్పి యని బడి మానుట, ఆటకు పోకుండ మూల కూర్చుండుట, చిన్నమాటకు కన్నీరు పెట్టుట - ఇవియే దాని గుర్తులు. వీనిని పెంకితనమని తిట్టరాదు. జ్వరము వచ్చిన బిడ్డను తిట్టువారు ఎవరును లేరుకదా.

ఇచ్చట ప్రహ్లాదుని మఱియొక గుణము స్మరింపదగినది. గురువులు ఇంటిపనులకు పోయినప్పుడు తోటి బాలురు అతనిని ఆటకు పిలిచిరి. అతడు వారిని తక్కువగా చూడలేదు. చేర పిలిచి, తనకు తెలిసిన మేలు వారికి పంచిపెట్టెను. చివరకు నరసింహుని స్తుతించు సమయమున, దీనులైన తక్కినవారిని విడిచి తానొక్కడే మోక్షము పొందగోరనని చెప్పెను. తరగతిలో తానొక్కడే మొదటివాడు కావలెనని బిడ్డకు నూఱిపోయువారు ఈ మాటను మననము చేయవలెను. భాగవతము మెచ్చిన విద్యార్థి ప్రక్కవాని వెనుకబాటునుజూచి సంతోషించినవాడు కాడు.

సాందీపని పరుగు

చండామార్కులకు ఎదురుగా భాగవతమే మఱియొక గురువును చూపుచున్నది. శ్రీకృష్ణుడును, కుచేలుడును సాందీపని యొద్ద చదువుకొను దినములలో గురుపత్ని కట్టెలకై వారిని అడవికి పంపినది. అకాలమున గాలివాన వచ్చినది. చీకటి క్రమ్మినది. పల్లమేదో మిట్టయేదో తెలియక, ఒకరి చేయి ఒకరు పట్టుకొని బాలురు రాత్రియంతయు అడవిలో తిరిగిరి. తెల్లవాఱునప్పటికి సాందీపని తానే వెదకుచు వచ్చి, తనకొఱకు వారు ఎంత కష్టపడిరో చెప్పి కరగిపోయి, మనసార దీవించెను.

ఆ గురువు తెచ్చిన కట్టెలెన్నియని అడుగలేదు. రాకుమారుని మొదట, పేద బ్రాహ్మణ బాలుని తరువాత దీవింపలేదు. రాని బిడ్డలకొఱకు లేచి బయలుదేరెను. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు హాజరు పట్టీలో ఒక పేరునకు ఎదురుగా వరుసగా సున్నలు పడుచున్నప్పుడు ‘ఏల రాలేదు?’ అని ఆ ఇంటి తలుపు తట్టుట సాందీపని ధర్మము. అట్టి ఉపాధ్యాయులు ఈ దీవిలో ఉన్నారు. వారికి సంఘము ఋణపడియున్నది.

ఆలయము చేయదగినది

భక్తి అనగా హారతి పట్టుట మాత్రమే కాదు. అప్పన్న సేవలో బాలసేవయు ఒక భాగము. ఆలయ సంఘములు, తల్లిదండ్రులు ఆచరింపదగిన నియమములు కొన్ని గలవు.

మొదటిది, వినుట. ప్రతిదినము భోజన సమయమున బిడ్డను మార్కులు తప్ప తక్కినవన్నియు అడుగవలెను. ఎవరితో ఆడితివి, ఏమి తింటివి, దేనికి నవ్వితివి, దేనికి బాధపడితివి. టెలివిజను, చేతి ఫోను ఆ కొలది నిమిషములు మూసియుంచవలెను.

రెండవది, అన్నము. ఆకలిగొన్న బిడ్డకు అక్షరము అంటదు. పండుగనాడు నూఱుమందికి అన్నదానము చేయువారు, ప్రక్క వీథిలో ఉదయము ఏమియు తినక బడికి పోవు బిడ్డ ఉన్నదా యని విచారింపవలెను. ఇచ్చుట గుట్టుగా ఇయ్యవలెను. కుచేలుని అటుకులు కృష్ణుడు ఎంత గౌరవముతో స్వీకరించెనో, పేదబిడ్డకు పెట్టుటయందును అంత గౌరవము ఉండవలెను.

మూడవది, అహింస. 2020లో చేయబడి 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన బాలల చట్టము, క్రమశిక్షణ పేరిట బిడ్డను కొట్టుటను నిషేధించినది. ‘దెబ్బ తినక చదువు రాదు’ అను పాతమాట తోటల కాలపు కొరడానుండి వచ్చినదేగాని ఉపనిషత్తులనుండి రాలేదు. గురుశిష్యులిరువురును కలిసి రక్షణ పొందవలెను, ఒకరినొకరు ద్వేషింపరాదు అనునదే ఉపనిషత్తు శాంతిపాఠ సారము.

నాలుగవది, నమ్ముట. ఎవరైనను తనను బాధించిరని బిడ్డ చెప్పినచో, ఆ ‘ఎవరైనను’ బంధువైనను, పెద్దమనిషియైనను, భజన గుంపువాడైనను, మొదట బిడ్డ మాట నమ్మవలెను. పరువు పోవునని దాచుట పాపము. బాలల హక్కులను కాపాడుటకు 2003 చట్టము ననుసరించి ఈ దేశమున ప్రత్యేకాధికారి కార్యాలయము గలదు. దానిని ఆశ్రయించుట కుటుంబమునకు అవమానము కాదు.

ఐదవది, భాష. ఆలయపు తెలుగు తరగతి రెండవ పరీక్షాశాల కారాదు. ఒత్తు తప్పెనని నవ్వినచో బిడ్డ రేపు రాదు. ఇంటిలో క్రియోల్ మాటలాడు బిడ్డకు తెలుగు కథగా, పాటగా, ఆటగా, ప్రసాదముగా అందవలెను. అమ్మమ్మ చెప్పిన ప్రహ్లాదుని కథ వ్యాకరణసూత్రము కంటె ఎక్కువకాలము నిలుచును.

ఆఱవది, బడి వార్త. భజన ముగిసిన పిదప ఆలయ విషయములతోపాటు ఊరి ప్రాథమిక పాఠశాల విశేషములను గూడ చదివి వినిపింపవలెను. ఎవరు క్రొత్తగా చేరిరి, ఏ తరగతికి పుస్తకములు కావలెను, తోట పెంచుటకు ఎవరు సాయపడగలరు, తల్లిదండ్రుల సమావేశమెప్పుడు అను సంగతులు అందఱకు తెలియవలెను. బహుమతి పొందిన బిడ్డ పేరు మాత్రమే చదువుట చాలదు. జబ్బుపడి లేచి మరల బడికి వచ్చిన బిడ్డకును, స్నేహితునికి లెక్క నేర్పిన బిడ్డకును ఒక మాట మెప్పు దక్కవలెను.

రామభజనలో భక్తులు దీపమును నడుమనుంచి చుట్టు తిరుగుచు తెల్లవార్లు పాడుదురు. ఒకరు అలసినచో మఱియొకరు తాళము అందుకొందురు. దీపము ఆఱకుండ నూనె పోయుట అందఱి పని. బిడ్డ అట్టి దీపము. తల్లిదండ్రులు, గురువులు, ఆలయము, పాఠశాల దాని చుట్టు నిలువవలసినవారు. దీపము పెద్దగా వెలుగుటలేదని దానిపై అఱచువారు లేరు. గాలి ఎటునుండి వచ్చుచున్నదో చూచి చేయి అడ్డుపెట్టుదురు.

హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మట ఉగ్రరూపుడైయున్న స్వామిని సమీపించుటకు దేవతలు జంకిరి, లక్ష్మీదేవియు జంకినది. పసివాడు భయములేక పోయి పాదములపై వ్రాలెను. స్వామి అతనిని లేవనెత్తి తలపై చేయి ఉంచెను. తన్ను బాధించిన తండ్రికి సద్గతి కలుగవలెనని ఆ బాలుడు వరము కోరెను. పిల్లల క్షమ అంత గొప్పది. ఆ క్షమను పరీక్షింపకుండ వారి తలపై చల్లని చేయి ఉంచుటయే అప్పన్నను కొలుచుట.

శ్రీ సింహాద్రినాథుని కరుణచే ఈ దీవిలోని ప్రతి బిడ్డయు కడుపునిండ తిని, కంటినిండ నిద్రించి, భయములేక బడికి పోయి, నవ్వుచు ఇంటికి తిరిగివచ్చుగాక.

సర్వే జనులకు శుభమగుగాక.