కాయకమునకు ప్రతిఫలము: దయయా, ఋణమా?

శ్రమ చేసినవానికి ఇచ్చునది దానమా, లేక తీర్చవలసిన ఋణమా? ప్రశ్న చిన్నదే. కాని పని చేయించువాని నడవడి, పని చేయువాని గౌరవము, ధర్మసంస్థల కీర్తి దీని సమాధానముపై ఆధారపడియున్నవి. దానమైనచో అది ఇచ్చువాని ఇష్టము. ఋణమైనచో ఆలస్యము సైతము అపరాధమే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య కలరు. వీరు వృత్తిని విడిచి భక్తులైనవారు కారు. వృత్తియందే భక్తిని దర్శించినవారు. పని ఏదైనను కాయకమే, కాయకములలో హెచ్చుతగ్గులు లేవు అనుట వారి సిద్ధాంతము. పనియే పూజ అయినప్పుడు, ఆ పనికి రావలసినదానిని అపహరించుట పూజాద్రవ్యమును అపహరించుటతో సమానము కాదా?

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన ఇండ్లలో అందరెరిగినదే. నేల రాలిన బియ్యపు గింజలనేరి తెచ్చి దాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి బియ్యము తేగా, లక్కమ్మ అంగీకరింపక, అధికమైనదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెనని సంప్రదాయము. ఈ కథను సాధారణముగా పనివానికి ఆశ కూడదని చెప్పుటకే ఉదాహరింతురు. కాని దానియందు వేరొక అర్థము కూడ ఇమిడియున్నది. అధికమని తెలియవలెనన్నచో ముందుగా ఒక కొలత ఉండవలెను. ఆ కొలత తీసుకొనువానిని బంధించినట్లే ఇచ్చువానిని సైతము బంధించును. కొలతకు మించి తీసుకొనుట దోషమైనచో, కొలతకు తక్కువగా ఇచ్చుట అంతకంటె పెద్ద దోషము. ఏలయన మొదటిది అవసరము వలన కలుగవచ్చును, రెండవది అధికారము వలన కలుగును.

ఈ కొలతను నేడు చట్టము కొంతవరకు నిర్ణయించుచున్నది. 1982లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ప్రభుత్వోద్యోగుల పింఛనును గూర్చి తీర్పు చెప్పుచు, అది యజమాని కృపతో విడుచు కానుక కాదనియు, గడచిన సేవకు ప్రతిఫలమనియు స్పష్టము చేసినది. గ్రాట్యుటీ మూలమునందును ఇదే న్యాయము కలదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినది. సామాన్యముగా ఐదేండ్ల అవిచ్ఛిన్న సేవ ముగిసినవానికి ఏటికి పదునైదు దినముల వేతనము లెక్కించి ఈయవలెను. మరణము గాని అంగవైకల్యము గాని సంభవించినచో ఐదేండ్ల నియమము లేదు. నిర్ణీత కాలమునకు నియమింపబడినవారికి ఒక యేడు నిండినను ఈ హక్కు కలుగును. నెలకు 13,000 రూపాయల వేతనముతో ఇరువది యేండ్లు పనిచేసినవాని లెక్క చూడుడు: నెల వేతనమును 26చే భాగింపగా దినమునకు 500, పదునైదు దినములకు 7,500, ఇరువది యేండ్లకు 1,50,000 రూపాయలు. ఇది వీడ్కోలు సభలో శాలువాతో పాటు ఈయదగిన బహుమానము కాదు. అది అతడు ఏటేట సంపాదించి, యజమాని వద్ద నిలువయుంచిన సొమ్ము.

భవిష్యనిధి విషయము ఇంకను స్పష్టము. వేతనమునుండి నూటికి పండ్రెండు చొప్పున పట్టి, యజమాని తన వంతును చేర్చి జమకట్టవలెను. పనివాని వంతును పట్టి జమకట్టకుండుటను చట్టము అప్పుగా గాక నమ్మకద్రోహ నేరముగా పరిగణించుచున్నది. ఇతరుని సొమ్ము చేతనుండగా తనదిగా వాడుకొనుటకు ధర్మశాస్త్రము కూడ వేరు పేరు పెట్టదు.

ఇచట ఒక ఆక్షేపణ వినవచ్చును. మఠములు, ధర్మసంస్థలు లాభార్జనకై నడచునవి కావు. అన్నము పెట్టును, విద్య నేర్పును. అచట పని చేయుట సేవయే గాని ఉద్యోగము కాదు, కావున ఈ లెక్కలు వానికి తగవు అని. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. సంస్థలకు ధనకొరత నిజమే. స్వచ్ఛందముగా సేవ చేయువారు ఉన్నమాటయు నిజమే. అయితే సేవకు గుర్తు స్వేచ్ఛ. వలదని చెప్పగలవాడు చేసిననే అది సేవ యగును. ఇల్లు గడుపుకొనుటకు వేరు దారి లేక తక్కువ జీతమునకు సంతకము చేసిన ఉపాధ్యాయుని, వంటవానిని సేవకులని పిలుచుట వారికి గౌరవము చేయుట కాదు. వారి పేదరికమునకు పుణ్యమను పేరు పెట్టుట.

ఉపాధ్యాయుల చరిత్ర ఇందుకు నిదర్శనము. గ్రాట్యుటీ చట్టము నాటి నిర్వచనములోనికి ఉపాధ్యాయులు రారని 2004లో సుప్రీంకోర్టు తేల్చినది. పిదప పార్లమెంటు 2009లో చట్టమును సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండియే వారికి హక్కు కల్పించినది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యములు దీనిని సవాలు చేయగా 2022లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించినది. పాఠములు చెప్పినవారు తమ బాకీకై ఇన్నియేండ్లు న్యాయస్థానముల ద్వారముల వద్ద నిలువవలసివచ్చుట విద్యాసంస్థలు నడుపు వారందరు ఆలోచింపవలసిన విషయము.

2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ధార్మిక, సాంఘిక సేవాసంస్థలను ‘పరిశ్రమ’ అను నిర్వచనమునుండి తప్పించినది. కొందరికి ఇది ఊరటగా తోచవచ్చును. కాని చట్టము ఒక తలుపు తెరచినంత మాత్రమున ధర్మము ఆ దారిని పొమ్మనదు. చట్టము అడుగువాడు లేనిచోట ఊరకుండును. ధర్మము అడుగువాడు లేనిచోటనే మాటలాడును.

దాసోహమునకు మూలము స్వకాయకము. తన శ్రమతో ఆర్జించినదానిని సమర్పించుటయే దాసోహము. వేయిమందికి వడ్డించు వంటవాని జీతము మూడు నెలలు నిలిపియుంచినచో, ఆ పంక్తికి అన్నము పెట్టినది ఎవరు? నిజమైన దాత వంటవాడే. అతనిని అడుగక అతనిచే దానము చేయించిరి. ఇట్టి దానమునందు దాతకు పుణ్యము లేదు, భోక్తకు తెలివిడి లేదు.

పనివానికి సైతము ధర్మము కలదు. నియామక పత్రము అడిగి తీసుకొనుట, భవిష్యనిధి జమలను అప్పుడప్పుడు సరిచూచుకొనుట, నామినీ పేరు వ్రాయించుట అవిశ్వాసము కాదు. లెక్క స్పష్టముగానున్నచోటనే స్నేహము నిలుచును. అటులనే హక్కు తెలిసినవాడు పనియందు లోపము చేయరాదు. లక్కమ్మ కొలత అతనికిని వర్తించును.

కావున సంస్థలు నడుపువారు ప్రతి సంవత్సరాంతమున దానముల పట్టికను చదువుటకు ముందు జీతముల పట్టికను చదువుట మేలు. ఋణము తీర్చిన పిదప మిగిలినదే దానము. ఋణము మిగిలియుండగా చేసిన దానము పరుల సొమ్ముతో పెట్టిన నైవేద్యము.