రోడ్డు పక్కన నిలబడినవాళ్లు

ఎవరూ చూడని చోట నా పరుగు నెమ్మదిస్తుంది. హైదరాబాద్ మారథాన్ అయ్యాక వాచీలో నమోదైన వేగం చూసుకుంటే ఆ సంగతి దాచుకోలేనంత స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తగ్గిందంటే ఎత్తు కారణం అనుకోవచ్చు. పైన చదునుగా ఉన్నచోట కూడా ఎందుకు తగ్గినట్టు? అక్కడ జనం ఉండరు. కిందికి దిగి నాలుగు చప్పట్లు వినబడగానే కాళ్లు మళ్లీ సాగుతాయి. ఆరోగ్యం కోసం, నా తృప్తి కోసం పరిగెత్తుతున్నానని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. అందులో అబద్ధం లేదు, కానీ అదే పూర్తి నిజమూ కాదు. నన్ను ఎవరైనా చూడాలి. ఆ కోరిక నాలో ఇంత బలంగా ఉందని పరుగు మొదలుపెట్టాకే తెలిసింది.

నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఈ దారి మెత్తనిది కాదు. హుస్సేన్ సాగర్ దాటాక ఎత్తుపల్లాలు వదలవు. పైగా ఆగస్టు నెలాఖరు. గాలిలో తేమ నిండి ఉంటుంది, చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మీద భారం పెరుగుతుంది. చలికాలంలో వేరే ఊళ్లో చేసిన టైమ్‌ను ఇక్కడ గురిగా పెట్టుకోకూడదు. ఈ మాట కొత్తవాళ్లకు ఎంత గట్టిగా చెబుతానో, గెడ్డం కింద చెమట చుక్కలు కడుతున్నా వాచీ వైపే చూసే నాకూ అంతే గట్టిగా చెప్పుకోవాల్సి వస్తుంది.

42.195 కిలోమీటర్లలో నన్ను నాకు చూపించేది ముప్పై దాటిన తర్వాతి భాగం. కండరాలు దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటేది దాదాపు అక్కడే. పరుగువాళ్లు ‘వాల్ తగిలింది’ అంటారు. ఒంట్లో శక్తి పోవడం ఒక ఎత్తు, మనసు ఇరుకైపోవడం ఇంకో ఎత్తు. తేలిగ్గా నన్ను దాటిపోయే మనిషి మీద కారణం లేని కోపం వస్తుంది. నీళ్ల బల్ల దగ్గర కప్పు అందించే అమ్మాయి ఒక్క క్షణం ఆలస్యం చేస్తే చిరాకు ముంచుకొస్తుంది. ఆ అమ్మాయి చీకటి విడవక ముందే వచ్చి నిలబడి ఉంటుంది. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడి ఉంటాయి. అయినా ‘సూపర్ అంకుల్, ఆగకండి’ అని నవ్వుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో మర్యాదస్తుణ్ననుకునే నేను ఆ చిరునవ్వుకు బదులివ్వడానికి బలం కూడదీసుకోవాలి. నా మర్యాదలో కడుపు నిండి ఉండటానికి ఎంత వాటా ఉందో అప్పుడు తెలుస్తుంది.

భయం కూడా అక్కడే పట్టుకుంటుంది. దాహం లేకపోయినా ప్రతి బల్ల దగ్గరా తాగేయాలనిపిస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే నూటికి పదమూడు మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. ఎక్కువసేపు రోడ్డు మీద ఉండి, అతిగా తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. నెమ్మదిగా వెళ్లే నాలాంటివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దాహానికి తాగాలి, భయానికి కాదు. తల తిరిగినా, మాట తడబడినా, చెమట ఆగి చలి వేసినా మెడల్ సంగతి మరచిపోయి వైద్య శిబిరంలో కూర్చోవాలి.

చూడటానికి వచ్చినవాళ్లే కాదు, మా వల్ల ఆగిపోయినవాళ్లు కూడా రోడ్డు పక్కన ఉంటారు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చాపి బళ్లను ఆపుతాడు. ముందు వరుసలో పాలక్యాన్లు కట్టుకున్న బైకు, పెద్ద పెద్ద బ్యాగులతో బస్సుకు వెళ్తున్న కుటుంబం ఉన్న ఆటో. ఆటోలోని పెద్దావిడ మా వైపు చూసే చూపులో మెచ్చుకోలు ఉండదు. ఉండాలని ఆశించే హక్కు కూడా మాకు లేదు. ఆదివారం ఉదయం ఆ రోడ్డును నగరం మాకు అరువిచ్చింది. అందుకే తాగిన కప్పును రోడ్డు మధ్యలో పారేసే రన్నర్‌ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. వెనక వచ్చేవాళ్లు దానిమీద జారుతారు, ఆ తర్వాత రోడ్లు ఊడ్చే అక్క నడుం వంచి ఏరుతుంది. నడవాలనిపిస్తే ఎడమకు జరిగి, వెనక్కి ఒకసారి చూసి నడవాలి. కానిస్టేబుల్‌కి థ్యాంక్స్ చెప్పడానికి పట్టే శ్వాస ఎంత అలసటలోనైనా ఉంటుంది.

ఇక చూడటానికే వచ్చేవాళ్ల సంగతి. ముంబై మారథాన్‌లో పెడ్డర్ రోడ్డు ఎత్తు రెండో సగంలో, కాళ్లు మొరాయించే వేళ ఎదురవుతుంది. అక్కడి ఇళ్లవాళ్లు నారింజ తొనలు, ఉప్పు, బిస్కెట్లు పట్టుకుని బయటికి వస్తారు. పిల్లలు అరచేతులు చాచి నిలబడతారు. ఆ ఎత్తు గురించి భయంగా చెప్పుకునే రన్నర్లు ఆ జనం గురించి చెప్పకుండా ఉండరు. మన ఊళ్లోనూ చప్పట్లు కొట్టేవాళ్లు పెరుగుతున్నారు, కానీ చాలామంది స్టార్టింగ్ దగ్గరో స్టేడియంలోనో ఉంటారు. మధ్య దారి బోసిపోతుంది.

చూడాలన్న కోరిక మీకుంటే, చూడబడాలన్న కోరిక మాకుంది. ఇది బలహీనతే కావచ్చు, నేను దీన్ని వదిలించుకోవాలనుకోవడం లేదు. కాబట్టి ఈసారి ఆగస్టు చివర్లో కాస్త ఆలస్యంగా రండి. వేగంగా పరిగెత్తేవాళ్లు వెళ్లిపోయాక, ఎండ ఎక్కాక, జూబ్లీహిల్స్ ఎత్తుల్లోనో ఫ్లైఓవర్ దిగే చోటో నిలబడండి. ఛాతీ మీది నంబరు చీటీ (బిబ్) మీద పేరు ఉంటుంది, పేరుపెట్టి పిలవండి. ‘దగ్గరికొచ్చేసింది’ అనకండి, ఎంత దూరం ఉందో మాకు తెలుసు. అడ్డంగా రోడ్డు దాటకండి, పిల్లల చెయ్యి వదలకండి. అందరికంటే వెనక నడుస్తూ వచ్చే మనిషి కనిపించేదాకా ఉండండి.