కొండ కడుపులో అభిషేకం

మా ఇంట్లో సోమవారం అంటే రుద్రాభిషేకం. నాన్నగారి దగ్గర కూర్చుని నేర్చుకున్న నమకాన్ని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. పదకొండు అనువాకాలూ నోటికి వచ్చు. మరీ నోటికి వచ్చేయడంతో పెదవులు వాటి దారిన అవి కదులుతుంటే మనసు ఆఫీసు ఫైళ్ల మీదికీ, కరెంటు బిల్లు మీదికీ పోయేది. ఎనిమిదింటికల్లా ముగించి బస్సు అందుకోవాలి. శివుడికి నీళ్లు పోశానన్న తృప్తి ఉండేది. చెప్పిన మాటల్లో ఏముందో మాత్రం ఎన్నడూ నిలబడి చూడలేదు.

కిందటి మార్గశిరంలో మా ఆవిడ పట్టుబట్టి మూడు రోజులు అరకు తీసుకెళ్లింది. ‘యాత్ర కాదు, మొక్కూ కాదు. ఊరికే కూర్చుందాం’ అంది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. అరకు చేరేలోపు పదుల కొద్దీ సొరంగాలు. చీకట్లోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడతారు. వెలుగులోకి రాగానే కింద లోయ చూసి వాళ్లే గప్‌చుప్‌గా కిటికీకి అతుక్కుపోతారు. నాకు ఆ నిశ్శబ్దం బాగా నచ్చింది. ఎవరూ నేర్పకుండానే వచ్చిన నమస్కారంలా అనిపించింది.

మొదటి రోజంతా నిజంగానే ఊరికే కూర్చున్నాం. వలిసె పూలు విరబూసిన కాలం అది. కొండవాలు పొడుగునా పసుపు ఆరబోసినట్టుంది. పొద్దున తొమ్మిదైనా మంచు విడవలేదు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మానులను చుట్టుకుని మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ గింజలు. ఊరి చివర చెట్టు మొదట్లో ఒక రాయి, దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉంది. గోడ లేదు, కప్పు లేదు, తలుపు వేసే వేళ అసలే లేదు. ఆ ఊరివాళ్లకు చెట్టూ దేవుడూ వేరువేరు చిరునామాల్లో లేరు. నేను చెప్పులు విప్పి దణ్ణం పెట్టాను.

రెండో రోజు జీపులో బొర్రా గుహలకు వెళ్లాం. అనంతగిరి కొండల్లో సున్నపురాతిని నీరు తొలిచిన గుహలవి. మెట్లు దిగుతుంటే గాలి చల్లబడుతుంది, మాట ప్రతిధ్వనిస్తుంది. అంత పెద్ద కడుపు ఈ కొండకు ఉందని బయట నిలబడితే తెలియదు. లోపల ఎత్తున ఒక శివలింగం. తనంత తాను పెరిగిన రాయి. దాని పైన ఆవు పొదుగులా వేలాడే రాయి. మేస్తూ మేస్తూ ఒక ఆవు పైనున్న కంతలోంచి లోపల పడిందనీ, వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి ఈ లింగం కనిపించిందనీ కథ చెబుతారు. ఆ పొదుగు పేరు మీదే ఇక్కడి నదికి గోస్తని అని పేరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శివరాత్రికి ఇక్కడికే వస్తారు.

మాకు దారి చూపిన పక్క ఊరి కుర్రాడి టార్చి వెలుగులో పై నుంచి ఒక నీటిచుక్క మెరిసి జారింది. ‘ఈ సుక్కే రాయి కడతాది బాబూ. సెయ్యి ఎట్టకండి, జిడ్డంటితే ఇంక పెరగదు’ అన్నాడు.

ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. వాన కురిసేటప్పుడు గాలిలోనూ, తరవాత మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని నీరు కొంచెం పులుపెక్కుతుంది. రాతి పగుళ్లలో దిగుతూ సున్నాన్ని కరిగించుకుంటుంది. గుహ గాలి తగిలిన చోట ఆ వాయువు విడిపోయి, మోసుకొచ్చిన సున్నం కణమంత పేరుకుంటుంది. కప్పుకు వేలాడేది కొంత, నేల మీద లేచేది కొంత. ఏడాదికి మిల్లీమీటరులో చిన్న వంతు పెరిగితే అదే ఎక్కువ. ఆ లెక్కన ఆ లింగం ఎన్ని వేల వానాకాలాల పనో ఊహించుకోండి.

గుడిలో ముందు లింగం ఉంటుంది, తరవాత మనం నీళ్లు పోస్తాం. ఇక్కడ నీళ్లు పోయడమే లింగాన్ని చేస్తోంది. చేసేవాడెవరో, అభిషేకం అందుకునేవాడెవరో విడదీయలేని పూజ చీకట్లో, ఒక్క భక్తుడూ లేని రోజుల్లో కూడా సాగుతోంది. నాకు కాళ్లు కదల్లేదు. అప్పుడే తొమ్మిదో అనువాకంలో మాటొకటి దానంతట అదే నాలుక మీదికి వచ్చింది. గహ్వరేష్ఠుడు. గుహలో ఉండేవాడు. నలభై ఏళ్లుగా వారం వారం పలికిన పేరు, దాని చిరునామాలో నిలబడి మొదటిసారి విన్నాను.

ఆ రాత్రి గది వరండాలో దుప్పటి కప్పుకుని నమకం మళ్లీ చెప్పుకున్నాను, ఈసారి నెమ్మదిగా. ఆకుపచ్చని కురులున్న చెట్లకు అందులో నమస్కారం ఉంది. నూతినీటిలో, ఏటిలో, మడుగులో ఉన్నవాడికి ఉంది. మేఘంలో, మెరుపులో ఉన్నవాడికి ఉంది. వానలో ఉన్నవాడికీ, వాన లేనిచోట ఉన్నవాడికీ కూడా ఉంది. ఎండినదానికీ పచ్చనిదానికీ, దుమ్ముకూ ధూళికీ, ఆకుకూ, చివరికి రాలిన ఆకుల కుప్పకూ. పగలంతా నేను చూసినవే ఇవన్నీ. ఏ రుషో కొండల్లో తిరుగుతూ కంటబడిన ప్రతిదాని దగ్గరా ఆగి చేతులు జోడించి ఉంటాడని నా నమ్మకం. మనం ఆ నడకను మరిచి, మాటలను మాత్రం పూజగదికి తెచ్చుకున్నాం.

గుహలో ఒక విషయం మనసును కలచివేసింది. మొక్కే ఉత్సాహంలో కొందరు ఎదుగుతున్న రాళ్లను నిమురుతున్నారు. ఫోనులో పాటలు, మూలల్లో ఖాళీ సీసాలు. అక్కడ మన భక్తి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటంలోనే ఉండాలి. చుక్క పడే చప్పుడు వినపడాలంటే మనం మెల్లగా ఊపిరి తీయాలి.

మూడో రోజు ఎక్కడికీ వెళ్లలేదు.

విశాఖ తిరిగొచ్చాక సోమవారం వచ్చింది. ధారాపాత్ర నింపడానికి కుళాయి తిప్పాను. బొర్రా కింద నుంచి వచ్చే గోస్తని భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో తాటిపూడి జలాశయంలో నిలిచి, మా నగరానికి అందే మంచినీటిలో కొంత అయి వస్తుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. పాత్ర వేలాడదీసి కూర్చున్నాను. ఏడో అనువాకంలో ఏరు వచ్చిన చోట ఆగాను. అంచున చుక్క ఒకటి బరువెక్కుతోంది. అది జారి లింగం మీద పడ్డాక, తరవాతి మాట పలికాను.