చూపు వెనుక సంకల్పం



మనసు పెట్టి చూడటం మంచిదని మనం తరచూ చెప్పుకుంటాం. శ్వాసను చూడు, మనసును చూడు, ఎదుటి మనిషిని చూడు అంటాం. మరి చంపడం కోసం చూసే చూపు సంగతేంటి? అది కూడా మనసు పెట్టిన చూపే కదా! దాన్ని ఏమనాలి? అమెరికాలో ఏటా జింకల వేటకు ముందు జరిగే ఒక పనిని గమనిస్తే ఈ ప్రశ్నను తప్పించుకోలేం.

అక్కడ జింకల వేటకు ప్రభుత్వమే కాలం నిర్ణయిస్తుంది. తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విస్కాన్సిన్‌లో అయితే తుపాకీ వేట ముఖ్యంగా నవంబరు చివర తొమ్మిది రోజులు సాగుతుంది. లైసెన్సు తీసుకోవాలి, ఎన్నిటిని కొట్టవచ్చో లెక్క ఉంటుంది. కానీ చాలామంది వేటగాళ్లకు పని వేసవిలోనే మొదలవుతుంది. జింకలు నడిచే దారి పక్కన, నీళ్ల దగ్గర, మేత దగ్గర చెట్లకు చిన్న కెమెరాలు కట్టి వస్తారు. వీటిని ట్రైల్ కెమెరాలు అంటారు. వెచ్చని ఒళ్లు ఎదుట కదిలితే చాలు, కెమెరా తనంతట తానే ఫొటో తీస్తుంది. చీకట్లో పరారుణ కాంతితో తీస్తుంది. ఫొటో మీద తేదీ, సమయం పడతాయి. కొన్నింటిలో సిమ్ కార్డు కూడా ఉంటుంది. ఫొటో నేరుగా ఫోనుకే వచ్చేస్తుంది.

ఇలా నెలల తరబడి చూస్తారు. వేసవిలో మగ జింక కొమ్ముల మీద మెత్తని నూగు తోలు ఉంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి అది ఊడిపోతుంది. నవంబరులో ఎద కాలం, అప్పుడు మగ జింకలు పగలు కూడా తిరుగుతాయి. ఇవన్నీ ఫొటోల్లో కనిపిస్తాయి. తల్లి వెంట పిల్లలు, నక్కలు, టర్కీ కోళ్లు కూడా పడతాయి. కొమ్ముల తీరును బట్టి ఒక్కో జింకను గుర్తుపట్టి దానికి పేరు పెట్టుకునే వేటగాళ్లున్నారు. అంత ఓపిక, అంత ఏకాగ్రత!

మరి ఇది సమ్మా సతి అవుతుందా? కాదు. అష్టాంగ మార్గంలో సతి ఒంటరిగా లేదు. దానికంటే ముందు సమ్మా దిట్ఠి, సమ్మా సంకప్ప ఉన్నాయి. ద్వేషం లేని, హింస లేని సంకల్పం ఉంటేనే ఆ ఎరుక ధమ్మం అవుతుంది. కొంగ కూడా చెరువులో కదలకుండా నిలబడుతుంది. దాన్ని మన పెద్దలు కొంగజపం అన్నారే గానీ ధ్యానం అనలేదు. చేతన, అంటే ఉద్దేశమే కమ్మం అని బుద్ధుడు చెప్పింది ఇందుకే.

అలాగని వేటగాడిని దుర్మార్గుడని తీర్పు చెప్పేయడానికి తొందరపడొద్దు. బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ఒక తేడా చూపించారు. చంపవలసిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు. అహింసను ఆయన గుడ్డిగా పాటించే నియమంగా కాక, మనిషి ఆలోచించి నిర్ణయించుకునే సూత్రంగా వివరించారు. మన తాత ముత్తాతలు పొలం గట్లు తవ్వి ఎలుకలు తిన్నారు, కాలువల్లో పీతలు పట్టారు. అది ఆకలి. కడుపు నిండినవాళ్లు దాన్ని క్రూరత్వం అన్నారు, ఆకలి పెట్టిన తమ క్రూరత్వం మాత్రం వాళ్లకు కనపడలేదు. అమెరికాలో కూడా వేటాడిన మాంసాన్ని ఏడాది పొడుగునా వండుకుతినే కుటుంబాలున్నాయి. చాలా చోట్ల తోడేళ్లు లేకుండా పోయి జింకలు పెరిగాయి. పంటలకు నష్టం, రోడ్ల మీద ప్రమాదాలు. ఆ మాటను కూడా మనం వినాలి.

కానీ అవసరం అనే మాట వెనుక కోరిక దాక్కోగలదు. మాంసమే కావాలంటే ఏదో ఒక జింక చాలు. గోడకు తగిలించే పెద్ద కొమ్ముల కోసం ఒకే జింకను మూడు నెలలు వెంటాడితే అందులో అవసరం ఎంత, కోరిక ఎంత? లేత జింకను వదిలేయడానికి కెమెరా వాడేవాళ్లూ ఉన్నారు. కాబట్టి జవాబు కెమెరాలో దొరకదు. దాన్ని కట్టినవాడు తన మనసును తానే అడగాలి.

ఈ ప్రశ్న వేటగాళ్లలోనే లేచింది. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నది వాళ్లలో పాత నీతి. ఎండ రాష్ట్రమైన అరిజోనాలో నీటి గుంటలు తక్కువ. వాటి చుట్టూ కెమెరాలు కడితే నీళ్లు తాగడానికి వచ్చిన ప్రాణికి కనపడకుండా పోయే చోటే ఉండదు. 2021లో ఆ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ వేట కోసం ట్రైల్ కెమెరాలు వాడకూడదని నిర్ణయించింది. 2022 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. చంపడాన్ని ఒప్పుకున్న చోట కూడా ఇలాంటి చూపుకు ఒక హద్దు కావాలనిపించింది.

అదే కెమెరా ఇంకో దారిలో కూడా నడిచింది. జార్జ్ షైరాస్ అనే అమెరికన్ చిన్నప్పటి నుంచి వేటగాడు. తర్వాత తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టాడు. జంతువు కాలు తగిలితే ఫొటో పడేలా దారికి అడ్డంగా దారం కట్టాడు. 1906 జూలైలో ఆయన తీసిన 74 ఫొటోలను నేషనల్ జాగ్రఫిక్ పత్రిక అచ్చువేసింది. మన నల్లమలలో కూడా నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో కెమెరాలు కట్టి, చారలను బట్టి పులులను లెక్కిస్తారు. పెట్టె అదే, పనితీరు అదే. మారింది సంకల్పం.

బంధువులారా, ఇది మనకు చాలా దగ్గరి విషయం. ఎవరి ఇంట్లో అప్పుంది, ఎవరి బిడ్డకు పెళ్లి కుదిరింది, ఎవరి దగ్గర గింజలు అయిపోయాయి, మన పేట సంగతులన్నీ ఊరి దొరకు తెలుసు. తెలిసింది కాబట్టే వెట్టికి ఎవరిని ఎప్పుడు పిలవాలో కూడా తెలిసింది. మనల్ని బాగా ఎరిగిన ప్రతివాడూ మన మేలు కోరలేదు. మేలు కోరని చూపు కింద బతకడం ఎలా ఉంటుందో మన పెద్దలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే ఆ చూపు మన కంట్లోకి రాకుండా మనమే కాపలా కాయాలి. కోడలి పనిలో తప్పు కోసం చూస్తున్నామా? సంఘంలో తోటివాడి నోరు జారితే ఎన్నికల్లో పనికొస్తుందని గుర్తు పెట్టుకుంటున్నామా? చేతిలో ఫోను ఉంది కదా అని ఎవరి బతుకునో దొంగచాటుగా చూస్తున్నామా? ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు ఎందుకు చూస్తున్నారో అవతలివాళ్లకు తెలిస్తే వాళ్లు నిమ్మళంగా ఉంటారా, భయపడతారా? భయపడతారనిపిస్తే అక్కడే ఆగండి.

22 ప్రతిజ్ఞల్లో 13వది సకల ప్రాణుల పట్ల కరుణ చూపి వాటిని కాపాడతానన్నది. కాపాడాలన్నా ముందు చూడాల్సిందే. బుద్ధుడు మొదటి ఉపదేశం ఇచ్చింది సారనాథ్‌లోని మిగదాయంలో, జింకల వనంలో. అక్కడ జింకలు భయం లేకుండా తిరిగేవని చెప్పుకుంటారు. ఈ వారం మీ ఇంట్లోనో వాడలోనో ఒకరిని ఎంచుకోండి. వాళ్ల దగ్గర ఏమీ ఆశించకుండా, వాళ్లకు ఏం కావాలో తెలుసుకోవడానికే చూడండి. తెలిసింది చేతనైతే చేసి పెట్టండి.